ఫోర్ట్రాన్ భాషలో సమాసాలు, షరతులు, లూపులు

ఫోర్ట్రాన్ అనేది శాస్త్ర, సాంకేతిక గణనల కోసం రూపొందించబడిన కంప్యూటరు భాష. ఉన్నతస్థాయి కంప్యూటరు భాషలలో మొట్టమొదటగా విస్తృత వాడుకలోకి వచ్చినది ఇదే. బీజగణితంలోని సూత్రాలను కంప్యూటరుకు అర్థమయ్యే రూపంలోకి మార్చడం దీని ప్రధానోద్దేశం. ఎంత పెద్ద ఫోర్ట్రాన్ ప్రోగ్రామునైనా విడదీసి చూస్తే అందులో ముఖ్యంగా మూడు విషయాలు కనబడతాయి. మొదటిది, లెక్క కట్టే సమాసం. రెండవది, ఒక మాట నిజమా కాదా అని పరీక్షించి దారి మార్చే షరతు. మూడవది, ఒకే పనిని మళ్ళీమళ్ళీ చేయించే లూపు. ఈ మూడింటిని గురించి, వాటిలో ప్రారంభకులు సాధారణంగా చేసే తప్పులను గురించి ఈ వ్యాసం వివరిస్తుంది.

ఫోర్ట్రాన్ సమాసం చూడడానికి బీజగణిత సమాసం లాగే ఉంటుంది, కాని అన్ని సందర్భాలలోను అదే విలువను ఇవ్వదు. వ్యాకరణం తప్పితే కంప్యూటరు తప్పు చూపిస్తుంది. వ్యాకరణం సరిగా ఉండి భావం తప్పితే మాత్రం ఏమీ చెప్పకుండా తప్పు జవాబును అచ్చువేస్తుంది. కనుక ఈ భాషను నేర్చుకునే విద్యార్థికి సూత్రం తెలియడంతో పాటు, ఆ సూత్రాన్ని యంత్రం ఏ వరుసలో, ఏ రకపు సంఖ్యలతో లెక్కిస్తుందో కూడా తెలియాలి.

## నేపథ్యం

ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ నాయకత్వంలోని బృందం ఈ భాషను తయారు చేసింది. 1953లో ప్రతిపాదన జరుగగా, 1957లో ఐబీఎం 704 కంప్యూటరుకు మొదటి కంపైలరు విడుదలైంది. తరువాత ఫోర్ట్రాన్ 66, ఫోర్ట్రాన్ 77, ఫోర్ట్రాన్ 90, ఫోర్ట్రాన్ 95 మొదలైన ప్రమాణాలు వెలువడ్డాయి. 2023 పేరుతో వచ్చిన ప్రమాణం ఇటీవలిది. భారతదేశంలో 1963లో కాన్పూరు ఐఐటీకి వచ్చిన ఐబీఎం 1620 కంప్యూటరుపై ఫోర్ట్రాన్ బోధన జరిగింది. వి. రాజారామన్ రాసిన ఫోర్ట్రాన్ పాఠ్యపుస్తకాలు తరువాతి దశాబ్దాలలో దేశమంతటా విద్యార్థులకు పరిచితమయ్యాయి.

వాతావరణ శాస్త్రంలో ఫోర్ట్రాన్ కు ప్రత్యేక స్థానం ఉంది. తిరుపతి, చిత్తూరు పట్టణాల మధ్య గల గాదంకి గ్రామం వద్ద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉన్నది. 1992లో జాతీయ ఎమ్మెస్టీ రాడార్ కేంద్రంగా ఏర్పడిన ఈ సంస్థకు 2005లో ప్రస్తుతపు పేరు వచ్చింది. ఇక్కడి రాడారు 53 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంతో పనిచేస్తూ పై వాతావరణంలోని గాలుల వేగాన్ని కొలుస్తుంది. ఈ ప్రయోగశాల శాస్త్రవేత్తలు తమ పరిశోధనలలో వాడిన డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ అంచనా మోడల్ ప్రధానంగా ఫోర్ట్రాన్ భాషలోనే రాయబడింది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు కొన్ని ఈ రాడారు నుండి, కొన్ని వర్షపాతం లెక్కల నుండి తీసుకోబడ్డాయి.

## ఉదాహరణలు రాసిన పద్ధతి

ఫోర్ట్రాన్ ఆజ్ఞలను కంప్యూటరుకు రోమను అక్షరాలలోనే ఇవ్వాలి. చదవడానికి వీలుగా ఈ వ్యాసంలో ఆజ్ఞలను, చలరాశుల పేర్లను తెలుగు లిపిలో చూపడం జరిగింది. ఉదాహరణకు "ఇఫ్", "దెన్", "డూ", "ఎండ్ డూ" అన్న చోట్ల ఆయా ఆంగ్ల పదాలను, "వాన", "మొత్తం" అన్న చోట్ల ఆ తెలుగు పదాలనే రోమను అక్షరాలలో రాసుకోవాలి. అంకెలు, గణిత చిహ్నాలు యథాతథంగా ఉంటాయి.

## సంఖ్యల రకాలు

ఫోర్ట్రాన్ లో ప్రారంభకులకు ముఖ్యమైన సంఖ్యారకాలు రెండు.

* పూర్ణసంఖ్యలు (ఇంటిజర్): 7, 0, -25 వంటివి. వీటిలో దశాంశ బిందువు ఉండదు. రోజులు, మనుషులు, యాంటెనాలు వంటి వాటిని లెక్కపెట్టడానికి ఇవి తగినవి.
* వాస్తవసంఖ్యలు (రియల్): 7.0, 2.6, -0.05 వంటివి. వర్షం, ఉష్ణోగ్రత, వేగం వంటి కొలతలకు ఇవి తగినవి.

గణితంలో 7 కు, 7.0 కు భేదం లేదు. ఫోర్ట్రాన్ లో ఉంది. ఒక చుక్క ఉండటం, లేకపోవటం మీద సంఖ్య యొక్క రకం, ఆ రకం మీద జవాబు ఆధారపడి ఉంటాయి.

చలరాశికి విలువను ఇవ్వడానికి సమాన చిహ్నాన్ని వాడతారు. అయితే ఇది సమీకరణం కాదు, ఒక ఆజ్ఞ. కుడి వైపున ఉన్న సమాసాన్ని లెక్కకట్టి, వచ్చిన విలువను ఎడమ వైపున ఉన్న చలరాశిలో ఉంచమని దీని అర్థం.

```
లెక్క = లెక్క + 1
```

బీజగణితంలో ఈ వాక్యం అసంభవం. ఫోర్ట్రాన్ లో ఇది నిత్యం వాడే వాక్యం. "లెక్క"లో ఇప్పుడున్న విలువకు ఒకటి కలిపి తిరిగి అక్కడే ఉంచమని దీని భావం. కుడి వైపున వచ్చిన విలువ వాస్తవసంఖ్య అయి, ఎడమ వైపున ఉన్నది పూర్ణసంఖ్య చలరాశి అయితే దశాంశ భాగం కొట్టివేయబడుతుంది. 3.99 ను అలా ఉంచితే 4 కాక 3 మిగులుతుంది. దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించాలంటే "నింట్" అనే ప్రమేయాన్ని ప్రత్యేకంగా వాడాలి.

## అంకగణిత సమాసాలు

### చిహ్నాలు, ప్రాధాన్య క్రమం

కూడికకు +, తీసివేతకు -, గుణకారానికి *, భాగహారానికి /, ఘాతానికి ** అనే చిహ్నాలు వాడతారు. బీజగణితంలో వలె రెండు అక్షరాలను పక్కపక్కన రాసి గుణకారమని భావించడానికి వీలులేదు. గుణకార చిహ్నం తప్పక రాయాలి. సమాసాన్ని లెక్కించే క్రమం ఇది:

1. కుండలీకరణాలలో ఉన్న భాగం
2. ఘాతాలు (కుడి నుండి ఎడమకు)
3. గుణకార, భాగహారాలు (ఎడమ నుండి కుడికి)
4. కూడిక, తీసివేతలు (ఎడమ నుండి కుడికి)

అందువలన 2 + 3 * 4 విలువ 14. ఘాతాలు కుడి నుండి లెక్కించబడతాయి కనుక 2 ** 3 ** 2 విలువ 64 కాదు, 512. అలాగే -2 ** 2 విలువ -4, ఎందుకంటే వర్గం చేసిన తరువాతనే ఋణ చిహ్నం వర్తిస్తుంది. సందేహం ఉన్న చోట కుండలీకరణాలు పెట్టడం మంచి అలవాటు.

### పూర్ణసంఖ్యల భాగహారం

పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే ఫోర్ట్రాన్ లో పూర్ణసంఖ్యయే వస్తుంది. శేషం వదిలివేయబడుతుంది. 7 / 2 విలువ 3. -7 / 2 విలువ -3. 1 / 2 విలువ సున్న. దీని వలన సమాసంలోని పదాల వరుస కూడా ముఖ్యమవుతుంది. 2 * 7 / 2 విలువ 7 కాగా, 7 / 2 * 2 విలువ 6.

ఫారన్‌హీట్ ఉష్ణోగ్రతను సెల్సియస్ లోకి మార్చే సూత్రం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మే నెల ఎండలో 104 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే 40 డిగ్రీల సెల్సియస్. ఈ సూత్రాన్ని పుస్తకంలో ఉన్నట్లే రాస్తే ఇలా ఉంటుంది:

```
సెల్సియస్ = (5 / 9) * (ఫారన్ - 32.0)
```

5, 9 రెండూ పూర్ణసంఖ్యలు. కనుక 5 / 9 సున్న అవుతుంది. సున్నతో దేనిని గుణించినా సున్నయే. ఏ రోజు ఉష్ణోగ్రత ఇచ్చినా జవాబు 0.0 అని వస్తుంది. సరైన రూపం ఇది:

```
సెల్సియస్ = (5.0 / 9.0) * (ఫారన్ - 32.0)
```

జవాబు సున్న అని వస్తే తప్పు జరిగిందని విద్యార్థి వెంటనే గ్రహిస్తాడు. జవాబు కొంచెం మాత్రమే తప్పిన సందర్భం ఇంతకంటె ప్రమాదకరం. గాదంకి రాడారు తరంగదైర్ఘ్యాన్ని లెక్కించవలసి వచ్చిందనుకుందాం. కాంతివేగం సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్లు. రాడారు పౌనఃపున్యం సెకనుకు 5 కోట్ల 30 లక్షల ఆవర్తనాలు. మొదటి దానిని రెండవ దానితో భాగించాలి.

```
తరంగం = 300000000 / 53000000
```

సరైన జవాబు సుమారు 5.66 మీటర్లు. ఎడమ వైపున "తరంగం" వాస్తవసంఖ్యగా ప్రకటించబడినా సరే, పై వాక్యం 5.0 ను మాత్రమే ఇస్తుంది. కుడి వైపున భాగహారం పూర్ణసంఖ్యలతో ముగిసిన తరువాతనే ఆ ఫలితం ఎడమ వైపునకు వెళ్ళడం దీనికి కారణం. రాడారు పుంజం దిశలో గాలి వేగం కావాలంటే డాప్లర్ మార్పును తరంగదైర్ఘ్యంతో గుణించి రెండుతో భాగించాలి. డాప్లర్ మార్పు 4 హెర్ట్‌జ్ అయితే వేగం సెకనుకు 11.3 మీటర్లు రావాలి. పై తప్పుతో 10 మీటర్లు వస్తుంది. ఆ సంఖ్య నమ్మదగినదిగానే కనబడుతుంది. గాలి వేగం సెకనుకు 10 మీటర్లు ఉండటం వింతేమీ కాదు. కాబట్టి ఈ తప్పును ఎవరూ అనుమానించరు.

రెండు సంఖ్యలలో ఒకటి వాస్తవసంఖ్య అయితే రెండవది కూడా వాస్తవసంఖ్యగా మార్చబడుతుంది. కనుక 300000000.0 / 53000000 అని రాసినా జవాబు సరిగా వస్తుంది.

## తెలుగు పేర్లతో వచ్చే చిక్కు

ఫోర్ట్రాన్ లో చలరాశి రకాన్ని ప్రకటించకపోతే, దాని పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి కంపైలరు రకాన్ని నిర్ణయిస్తుంది. రోమను అక్షరమాలలో ఐ నుండి ఎన్ వరకు గల ఆరు అక్షరాలతో (ఐ, జే, కే, ఎల్, ఎమ్, ఎన్) మొదలయ్యే పేర్లు పూర్ణసంఖ్యలు. మిగిలిన అక్షరాలతో మొదలయ్యేవి వాస్తవసంఖ్యలు. గణితంలో పాదసూచికలకు ఐ, జే, కే, ఎన్ మొదలైన అక్షరాలను వాడే సంప్రదాయం నుండి ఈ నియమం వచ్చింది.

తెలుగు పదాలను పేర్లుగా వాడే విద్యార్థికి ఈ నియమం ఒక చిక్కును తెచ్చిపెడుతుంది. ఇంధనం, జీతం, కొలత, లాభం, మొత్తం, నీరు అనే పదాలను రోమను అక్షరాలలో రాస్తే అవన్నీ పై ఆరు అక్షరాలతోనే మొదలవుతాయి. కాబట్టి అవన్నీ పూర్ణసంఖ్యలవుతాయి. మరొక వైపు రోజు, వరుస వంటి లెక్కపెట్టే పేర్లు వాస్తవసంఖ్యలవుతాయి. అంటే ఉండవలసిన దానికి సరిగ్గా విరుద్ధం. ఆంగ్ల పదాలు వాడినా చిక్కు పూర్తిగా తప్పదు. సగటుకు "మీన్", ద్రవ్యరాశికి "మాస్", పొడవుకు "లెంగ్త్" అని పేరు పెట్టినా అవి పూర్ణసంఖ్యలే.

నాలుగు రోజుల వర్షపాతాన్ని, రకం ప్రకటించని "మొత్తం" అనే చలరాశిలో కూడితే ఏమి జరుగుతుందో ఈ క్రింది పట్టికలో చూడవచ్చు. ఇందులోని వర్షపాతం అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి.

| రోజు | వాన (మి.మీ.) | సరైన మొత్తం | పూర్ణసంఖ్యగా "మొత్తం" |
|---|---|---|---|
| 1 | 2.6 | 2.6 | 2 |
| 2 | 0.8 | 3.4 | 2 |
| 3 | 12.7 | 16.1 | 14 |
| 4 | 0.9 | 17.0 | 14 |

ప్రతి రోజూ కూడిక జరిగిన తరువాత దశాంశ భాగం పోతున్నది. రెండవ, నాలుగవ రోజుల వాన అసలు కురవనట్లే అయింది. తరువాత ఈ 14 ను 4 తో భాగిస్తే, రెండూ పూర్ణసంఖ్యలు కనుక, సగటు 3 అని వస్తుంది. అసలు సగటు 4.25. చిన్న చిన్న జల్లులు ఎక్కువగా పడిన సంవత్సరంలో ఈ విధంగా లెక్క కడితే ఆ జల్లులన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి. మెట్ట సేద్యం మీద ఆధారపడిన రాయలసీమ వంటి ప్రాంతంలో వర్షపు లెక్క ఈ విధంగా తగ్గడం చిన్న విషయం కాదు.

దీనికి నివారణ ప్రోగ్రాము మొదటనే "ఇంప్లిసిట్ నన్" అనే వాక్యాన్ని రాయడం. ఫోర్ట్రాన్ 90 ప్రమాణంలో చేరిన ఈ వాక్యం మొదటి అక్షరపు నియమాన్ని రద్దు చేస్తుంది. అప్పుడు ప్రతి చలరాశికీ రకాన్ని స్పష్టంగా ప్రకటించాలి. ప్రకటించని పేరు కనబడితే కంపైలరు తప్పు చూపి ఆగిపోతుంది. పేరులో అక్షరదోషం దొర్లినా ఈ విధంగానే బయటపడుతుంది.

## షరతులు

### సంబంధ చిహ్నాలు

రెండు విలువలను పోల్చడానికి ఈ క్రింది చిహ్నాలు వాడతారు. ఫోర్ట్రాన్ 77 వరకు చుక్కల మధ్య రెండేసి అక్షరాలు రాసేవారు. ఫోర్ట్రాన్ 90 నుండి గణిత చిహ్నాలు కూడా వచ్చాయి. రెండూ చెల్లుతాయి.

| అర్థం | పాత రూపం | కొత్త రూపం |
|---|---|---|
| కంటె ఎక్కువ | .జీటీ. | > |
| ఎక్కువ లేదా సమానం | .జీఈ. | >= |
| కంటె తక్కువ | .ఎల్‌టీ. | < |
| తక్కువ లేదా సమానం | .ఎల్ఈ. | <= |
| సమానం | .ఈక్యూ. | == |
| సమానం కాదు | .ఎన్ఈ. | /= |

పోలిక ఫలితం సంఖ్య కాదు. అది నిజం లేదా అబద్ధం అనే తార్కిక విలువ. ఇటువంటి పోలికలను .నాట్., .అండ్., .ఆర్. అనే తార్కిక చిహ్నాలతో కలపవచ్చు. వీటిలో .నాట్. ముందు, తరువాత .అండ్., చివర .ఆర్. లెక్కించబడతాయి. లీపు సంవత్సరాన్ని గుర్తించే షరతు దీనికి మంచి ఉదాహరణ. "మాడ్" అనే ప్రమేయం భాగహారంలోని శేషాన్ని ఇస్తుంది.

```
మాడ్(ఏడు,4) == 0 .అండ్. మాడ్(ఏడు,100) /= 0 .ఆర్. మాడ్(ఏడు,400) == 0
```

ఈ షరతు ప్రకారం 1900 లీపు సంవత్సరం కాదు, 2000 లీపు సంవత్సరం. ఒక విలువ రెండు హద్దుల మధ్య ఉన్నదని చెప్పడానికి గణితంలో వలె 10 < వాన < 20 అని రాయరాదు. (వాన > 10.0 .అండ్. వాన < 20.0) అని రెండు పోలికలుగా రాయాలి.

### ఇఫ్ వాక్యం రూపాలు

తొలినాటి ఫోర్ట్రాన్ లో ఇఫ్ వాక్యం ఒక సమాసం విలువ ఋణమా, సున్ననా, ధనమా అని చూసి మూడు వాక్యసంఖ్యలలో ఒక దానికి దారి మళ్ళించేది. ఈ "అంకగణిత ఇఫ్" చదవడానికి కష్టమైనది. ఫోర్ట్రాన్ 2018 ప్రమాణం నుండి దీనిని తొలగించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపాలు రెండు. ఒకే పని చేయించడానికి ఒక పంక్తి ఇఫ్ సరిపోతుంది:

```
ఇఫ్ (వాన >= 2.5) వానరోజులు = వానరోజులు + 1
```

భారత వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకంటె ఎక్కువ వర్షం కురిసిన రోజును వాన రోజుగా పరిగణిస్తారు. పై వాక్యం ఆ నిర్వచనాన్నే ఫోర్ట్రాన్ లో చెబుతున్నది. ఇక్కడ >= బదులు > అని రాస్తే సరిగ్గా 2.5 మిల్లీమీటర్లు కురిసిన రోజులు తప్పిపోతాయి.

అనేక మార్గాలు ఉన్నప్పుడు ఫోర్ట్రాన్ 77లో వచ్చిన ఖండ రూపాన్ని వాడాలి. ఒక రోజులో 64.5 మి.మీ. నుండి భారీ వర్షమని, 115.6 మి.మీ. నుండి అతి భారీ వర్షమని, 204.5 మి.మీ. నుండి అత్యంత భారీ వర్షమని వాతావరణ శాఖ వర్గీకరణ. దీనిని ఇలా రాయవచ్చు:

```
ఇఫ్ (వాన >= 204.5) దెన్
   ప్రింట్ *, 'అత్యంత భారీ'
ఎల్స్ ఇఫ్ (వాన >= 115.6) దెన్
   ప్రింట్ *, 'అతి భారీ'
ఎల్స్ ఇఫ్ (వాన >= 64.5) దెన్
   ప్రింట్ *, 'భారీ'
ఎల్స్
   ప్రింట్ *, 'భారీ కాదు'
ఎండ్ ఇఫ్
```

కంప్యూటరు షరతులను పై నుండి క్రిందికి వరుసగా పరీక్షిస్తుంది. నిజమైన మొదటి షరతు దగ్గర ఆగి, దాని క్రింద ఉన్న పనిని మాత్రమే చేసి, ఎండ్ ఇఫ్ దాటి వెళ్ళిపోతుంది. ఇందులోని వరుసను తలక్రిందులు చేసి 64.5 షరతును మొదట పెడితే ఏమవుతుందో ఆలోచించాలి. 210 మిల్లీమీటర్ల వాన కురిసినా మొదటి షరతే నిజమవుతుంది. "భారీ" అని మాత్రమే అచ్చవుతుంది. మిగిలిన రెండు షరతుల వంతు ఎన్నటికీ రాదు. 2021 నవంబరులో తిరుపతి వీధులను వరద ముంచెత్తిన సంగతి తెలిసినవారికి "భారీ", "అత్యంత భారీ" అనే మాటల మధ్య ఎంత తేడా ఉందో వేరుగా చెప్పనక్కరలేదు. ప్రోగ్రాములో ప్రతి వాక్యమూ సరైనదే అయినా వరుస తప్పడం వలన హెచ్చరిక తప్పవచ్చు.

### వాస్తవసంఖ్యల సమానత్వం

వాస్తవసంఖ్యలు కంప్యూటరులో ద్విసంఖ్యామానంలో, పరిమితమైన అంకెలతో దాచబడతాయి. మూడవ వంతును దశాంశాలలో 0.333... అని ముగింపు లేకుండా రాయవలసి వచ్చినట్లే, 0.1 ను ద్విసంఖ్యామానంలో పూర్తిగా రాయడం సాధ్యం కాదు. 32 బిట్ల వాస్తవసంఖ్యలతో 0.1 ను పదిసార్లు కూడితే 1.0 కు బదులు 1.0000001 వస్తుంది. కాబట్టి రెండు వాస్తవసంఖ్యలు సమానమా అని == తో పరీక్షించరాదు. వాటి భేదం అతి చిన్నదా అని పరీక్షించాలి:

```
ఇఫ్ (ఆబ్స్(ఎ - బి) < 0.0001) దెన్
```

ఇక్కడ "ఆబ్స్" పరమమూల్యాన్ని ఇచ్చే ప్రమేయం. వర్షపాతం వంటి కొలతను మిల్లీమీటరులో పదవ వంతు వరకే నమోదు చేస్తారు కనుక, 115.6 ను 1156 అనే పూర్ణసంఖ్యగా దాచుకుంటే హద్దుల వద్ద ఈ సమస్య రాదు.

## లూపులు

### లెక్క గల డూ లూపు

ఒక పనిని నిర్ణీతమైనన్ని సార్లు చేయడానికి డూ లూపును వాడతారు.

```
డూ ఎత్తు = 3600, 20100, 150
   ప్రింట్ *, ఎత్తు
ఎండ్ డూ
```

ఇందులో మొదటి సంఖ్య ఆరంభ విలువ, రెండవది అంతిమ విలువ, మూడవది అడుగు. అడుగును రాయకపోతే 1 గా తీసుకోబడుతుంది. ఎత్తు ఇక్కడ పూర్ణసంఖ్యగా ప్రకటించబడిన చలరాశి. 150 అనే అడుగుకు రాడారులో ఒక అర్థం ఉంది. ఒక మైక్రోసెకనులో రాడారు తరంగం 300 మీటర్లు ప్రయాణిస్తుంది. వెళ్ళి తిరిగి రావాలి కనుక ఒక మైక్రోసెకను 150 మీటర్ల ఎత్తుకు సమానం.

లూపు ఎన్నిసార్లు తిరుగుతుందో ఆరంభంలోనే నిర్ణయమవుతుంది. అంతిమ విలువ నుండి ఆరంభ విలువను తీసివేసి, అడుగును కలిపి, అడుగుతో భాగించాలి. పై ఉదాహరణలో (20100 - 3600 + 150) / 150 = 111 సార్లు. 110 అని పొరబడటం సహజం. కంచెకు పాతిన రాళ్ళ సంఖ్య, వాటి మధ్య ఖాళీల సంఖ్య కంటె ఒకటి ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు జరగదు.

సూత్రం ఇచ్చిన విలువ సున్న లేదా ఋణం అయితే లూపు ఒక్కసారి కూడా తిరగదు. ఇది ఫోర్ట్రాన్ 77 నుండి ఉన్న నియమం. అంతకుముందు అనేక కంపైలర్లలో లూపు కనీసం ఒకసారి తిరిగేది. పాత ప్రోగ్రాములను చదివేవారు ఈ భేదాన్ని గమనించాలి. లూపు పూర్తిగా ముగిసిన తరువాత లూపు చలరాశి అంతిమ విలువను దాటి ఉంటుంది. 1 నుండి 7 వరకు తిరిగిన లూపు తరువాత దాని విలువ 8.

పై లూపును కిలోమీటర్లలో రాసి, 3.6 నుండి 20.1 వరకు 0.15 అడుగుతో తిప్పితే బాగుంటుందని అనిపించవచ్చు. అడుగు వాస్తవసంఖ్య అయితే ముందు చెప్పిన సవరణ దోషం వలన ఒక ఆవృత్తి తగ్గవచ్చు. చివరి ఎత్తు జారిపోయే అవకాశం ఉంది. ఈ కారణంగానే వాస్తవసంఖ్యల లూపు చలరాశిని ఫోర్ట్రాన్ 95 ప్రమాణం నుండి తొలగించారు. పూర్ణసంఖ్యతో లెక్కపెట్టి, లోపల 1000.0 తో భాగించుకోవడం సరైన పద్ధతి.

### లూపులో లూపు

గాదంకి రాడారులో యాగీ యాంటెనాలు 32 వరుసలలో, వరుసకు 32 చొప్పున అమర్చబడ్డాయి. వాటినన్నిటినీ ఒక్కొక్కటిగా సందర్శించడానికి ఒక లూపు లోపల మరొక లూపు కావాలి.

```
లెక్క = 0
డూ అడ్డం = 1, 32
   డూ నిలువు = 1, 32
      లెక్క = లెక్క + 1
   ఎండ్ డూ
ఎండ్ డూ
```

బయటి లూపు ఒక్కసారి తిరిగేలోగా లోపలి లూపు 32 సార్లు తిరుగుతుంది. ముగిసేసరికి "లెక్క" విలువ 1024. "లెక్క = 0" అనే వాక్యాన్ని బయటి లూపు లోపల రాస్తే ప్రతి వరుసకూ లెక్క మళ్ళీ సున్న నుండి మొదలై, చివరకు 32 మాత్రమే మిగులుతుంది.

### డూ వైల్, ఎగ్జిట్, సైకిల్

ఎన్నిసార్లు తిరగాలో ముందుగా తెలియనప్పుడు "డూ వైల్" రూపాన్ని వాడతారు. షరతు నిజంగా ఉన్నంతవరకు లూపు తిరుగుతుంది. ఉదాహరణకు, ఎన్నవ రోజుకు మొత్తం వాన 100 మిల్లీమీటర్లకు చేరిందో తెలుసుకోవాలంటే:

```
డూ వైల్ (మొత్తం < 100.0 .అండ్. రోజు < 365)
   రీడ్ *, వాన
   మొత్తం = మొత్తం + వాన
   రోజు = రోజు + 1
ఎండ్ డూ
```

రెండవ షరతు లేకపోతే, వానలు పడని సంవత్సరంలో ప్రోగ్రాము లేని అంకెల కోసం వెదుకుతూ తప్పుతో ఆగిపోతుంది. లూపుకు ముగింపు ఉన్నదని రూఢి చేసుకోవడం ప్రోగ్రాము రాసేవారి బాధ్యత. సున్నతో మొదలుపెట్టి 0.1 చొప్పున కూడుతూ, విలువ 1.0 కు సమానం కానంతవరకు తిరగమని రాస్తే ఆ లూపు ఆగదు. ఆ విలువ 1.0 ను తాకకుండానే దాటిపోతుంది.

లూపును మధ్యలో ముగించడానికి "ఎగ్జిట్", మిగిలిన భాగాన్ని వదిలి తరువాతి ఆవృత్తికి వెళ్ళడానికి "సైకిల్" అనే ఆజ్ఞలు ఉన్నాయి.

## ఉదాహరణ ప్రోగ్రాము

ఒక వారం వర్షపాతాన్ని చదివి మొత్తం, సగటు, వాన రోజుల సంఖ్య, గరిష్ఠ వర్షం కనుగొనే ప్రోగ్రాము ఇది. కొలత నమోదు కాని రోజుకు -1.0 అని ఇవ్వాలి.

```
ప్రోగ్రామ్ వారం
   ఇంప్లిసిట్ నన్
   ఇంటిజర్ :: రోజు, లెక్క, వానరోజులు
   రియల్ :: వాన, మొత్తం, సగటు, గరిష్ఠం
   లెక్క = 0
   వానరోజులు = 0
   మొత్తం = 0.0
   గరిష్ఠం = 0.0
   డూ రోజు = 1, 7
      రీడ్ *, వాన
      ఇఫ్ (వాన < 0.0) సైకిల్
      లెక్క = లెక్క + 1
      మొత్తం = మొత్తం + వాన
      ఇఫ్ (వాన >= 2.5) వానరోజులు = వానరోజులు + 1
      ఇఫ్ (వాన > గరిష్ఠం) గరిష్ఠం = వాన
   ఎండ్ డూ
   ఇఫ్ (లెక్క > 0) దెన్
      సగటు = మొత్తం / లెక్క
      ప్రింట్ *, మొత్తం, సగటు, వానరోజులు, గరిష్ఠం
   ఎల్స్
      ప్రింట్ *, 'కొలతలు లేవు'
   ఎండ్ ఇఫ్
ఎండ్ ప్రోగ్రామ్ వారం
```

0.0, 2.6, 0.8, -1.0, 12.7, 66.2, 0.9 అనే ఏడు అంకెలను ఇస్తే మొత్తం 83.2, నమోదైన రోజులు 6, సగటు సుమారు 13.87, వాన రోజులు 3, గరిష్ఠం 66.2 అని రావాలి. చివరి దశాంశ స్థానంలో అతి స్వల్ప భేదం కనబడవచ్చు. ఇందులో గమనించదగిన విషయాలు:

* కొలత లేని రోజును "సైకిల్" తో దాటకపోతే -1.0 కూడా మొత్తంలో కలిసి 82.2 అవుతుంది. దానిని 7 తో భాగిస్తే సగటు 11.74 కు తగ్గుతుంది. కొలత లేకపోవడం, వాన లేకపోవడం ఒకటి కావు.
* "మొత్తం" వాస్తవసంఖ్య కనుక పూర్ణసంఖ్యయైన "లెక్క"తో భాగించినా దశాంశాలు నిలుస్తాయి. "మొత్తం" ప్రకటన ఇంటిజర్ వరుసలోకి జారితే మొత్తం 80, సగటు 13 అని వస్తాయి.
* ఏడు రోజులూ కొలత లేకపోతే సున్నతో భాగించవలసి వస్తుంది. చివరి ఇఫ్ ఖండం దానిని నివారిస్తుంది.

కంప్యూటరుకు ఇవ్వడానికి ముందు ఈ ప్రోగ్రామును కాగితం మీద, ఒక్కొక్క చలరాశికి ఒక్కొక్క గడి గీసుకుని, వరుసగా నడిపి చూడటం విద్యార్థులకు మేలు చేస్తుంది.

## చుక్క కథ

పాత ఫోర్ట్రాన్ లో పంక్తిలోని మొదటి ఐదు నిలువు వరుసలు వాక్యసంఖ్యకు, ఆరవది కొనసాగింపు గుర్తుకు, 7 నుండి 72 వరకు వాక్యానికి కేటాయించబడేవి. ఇది 80 నిలువు వరుసల పంచ్ కార్డుల నాటి పద్ధతి. అందులో ఖాళీలకు విలువ ఉండేది కాదు. అందువలన "డూ 10 ఐ = 1, 10" అనే లూపు వాక్యంలో కామాకు బదులు చుక్క పడితే, "డూ10ఐ" అనే కొత్త చలరాశికి 1.10 అనే విలువను ఇచ్చినట్లుగా కంపైలరు అర్థం చేసుకునేది. లూపు మాయమయ్యేది, తప్పు చూపబడేది కాదు. 1962లో అమెరికా ప్రయోగించిన మారినర్-1 వ్యోమనౌక నష్టానికి ఈ చుక్కయే కారణమని ఒక కథ ప్రచారంలో ఉంది. కాని అది నిజం కాదు. అయితే అటువంటి చుక్క ప్రమాదకరమైనదే. ఇంప్లిసిట్ నన్ వాడితే ప్రకటించని "డూ10ఐ" వెంటనే పట్టుబడుతుంది.

## నేటి వాడుక

సాధారణ అవసరాలకు ఇతర భాషలు వచ్చినప్పటికీ, వాతావరణ అంచనా, ద్రవగతి శాస్త్రం, పరమాణు గణనలు వంటి రంగాలలో ఫోర్ట్రాన్ వాడుక కొనసాగుతున్నది. మాత్రికల గణనకు పేరుపొందిన లాపాక్ గ్రంథాలయం ఫోర్ట్రాన్ లోనే రాయబడింది. ఇతర భాషలలో రాసిన అనేక ప్రోగ్రాములు కూడా లోలోపల దీనిపై ఆధారపడతాయి. జీఫోర్ట్రాన్ అనే ఉచిత కంపైలరు సామాన్యమైన ఇంటి కంప్యూటరులో కూడా పనిచేస్తుంది. హెచ్చరికలను చూపమని కోరితే, వాస్తవసంఖ్యను పూర్ణసంఖ్య చలరాశిలో ఉంచిన చోట్లను అది చూపగలదు. అయితే షరతుల వరుస సరైనదా, కొలత లేని రోజును సరిగా దాటామా అన్న విషయాలను ఏ కంపైలరూ చెప్పలేదు. జవాబు ముందే తెలిసిన చిన్న లెక్కతో ప్రోగ్రామును పరీక్షించి చూడటమే అందుకు మార్గం.